టాక్సీలో కొత్త సెట్టు

నా అంబాసిడర్ టాక్సీతో పాటు వచ్చిన రేడియోకి పాడటం రాదు, గొణగడమే వచ్చు. మా ఆవిడ దయావతి దాని మీద విసుక్కోని సెలవు లేదు. ఆమె కార్ నికోబార్‌లో నర్సు. ఓడ దొరికినప్పుడు ఈ దీవిలో, జంగ్లీఘాట్ పేటలో ఉన్న మా ఇంటికి వస్తుంది. పోయినసారి గొడవపడే విడిపోయాం. "నేను రావడం మీకు బరువైపోయింది" అంది ఓడ మెట్లెక్కుతూ. పగలంతా బండి తోలి నాకు నా ఒళ్లే బరువుగా ఉందని చెప్పాల్సింది.

ఈసారి ఆమె వచ్చేసరికి పాటలుండాలని మద్రాసు నుంచి క్యాసెట్ సెట్టు తెప్పించాను. మెకానిక్ రమణయ్య పాత రేడియో ఊడబీకి, కన్నం చాలక డాష్‌బోర్డు రేకు కోసి, వైర్లు కత్తిరించి కొత్తది బిగించాడు. చర్చి పాటలు ఖంగుమన్నాయి. రేడియో తిప్పితే మాత్రం ఒకటే బుస.

"ఇది ఎఫ్ఎం సెట్టు భయ్యా. మద్రాసులో పలుకుతాది. ఇక్కడ వచ్చేది మీడియం వేవే గదా, ఎఫ్ఎం స్టేషనేదీ?" అన్నాడు రమణయ్య.

"ముందు సెప్పలేదేటి?"

"క్యాసెట్ అన్నావు. రేడియో అడిగినావా?"

ఈ దీవుల్లో రేడియో అంటే ఓడల వార్త. ఏ ఓడ ఎప్పుడొస్తుందో అందులోనే చెబుతారు. ఇంట్లో రేడియో ఉప్పుగాలికి ఏనాడో చచ్చింది. అయినా దయావతి ఓడ శనివారమని తెలుసు కదా, మళ్ళీ విప్పించే ఓపిక లేక ఊరుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మిన్నీ బేలో మా వీధి నూకరత్నం బండెక్కింది.

"ఏటి రాజబాబూ, ఇక్కడున్నావు? మీ ఆవిడ ఓడ పొద్దున్నే వచ్చేసినాది గదా! సముద్రం బాగోలేదని మిగతా దీవులొగ్గేసి సీదా వచ్చేస్తందని నిన్న రేడియోలో సెప్పినారు."

ఆమెకు దణ్ణం పెట్టి దింపేసి జెట్టీకి తోలాను.

జెట్టీ ఖాళీగా ఉంది. షెడ్డు కింద దయావతి ఒక్కతే ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. వాంతులతో ముఖం పీక్కుపోయింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పెట్టెతో పాటు ఆమెనూ బండెక్కించి, ఏం చేయాలో తోచక పాట పెట్టాను.

"నీకోసమే పెట్టించాను. దీంట్లో మన రేడియో రాదు. ఓడ వార్త వినలేదు దయా."

ఆమె సెట్టు వైపు చూసింది.

"విన్నారనే అనుకున్నానండీ. విని కూడా రాలేదని. రేపు ఇదే ఓడ తిరిగెళ్తాదంటే టికెట్టు తీసేసుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. పాట ఆపేశాను.

"పోనివ్వండి" అంది కళ్లు మూసుకుని.

గొడవనో బండినో, బండైతే ఎటో అడిగే ధైర్యం లేక ఇంటివైపే తిప్పాను. ఆమె వద్దనలేదు.