గోదాము పక్కన సున్నా

ఆఫీసులో ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. ఏ ఫ్యాక్టరీలో ఏ విషవాయువు బయటపడితే ఎంతమందికి ముప్పో అంచనా వేయడం ఆమె పని. మ్యాపు మీద ట్యాంకు చుట్టూ గీత గీస్తుంది, గాలి ఎటు వీస్తుందో చూస్తుంది, గీత లోపలి జనాన్ని కూడుతుంది. జనం లెక్క జనాభా పుస్తకాల్లోంచి తీస్తుంది. ఆ పుస్తకాలు రాసేవాళ్లు ఇంటింటికీ తిరుగుతారు, అంటే మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడే ఉన్నట్టు. మరి పగలంతా ఆ మనిషి ఎక్కడుంటాడు? ఎవరికి పట్టింది! లెక్కలమ్మకూ పట్టలేదు.

ఐసు ఫ్యాక్టరీ వెనక పాత గోదాము పక్కన నెల క్రితం ఆమే సున్నా వేసింది. ఎవరూ నిద్రపోని చోటు కదా. ఐసు గడ్డకట్టించడానికి వాడే అమ్మోనియా లీకైతే అగ్నిమాపక కేంద్రం ఎవరెవరికి ఫోన్లు చేయాలో, ఆ జాబితా కూడా ఆ మ్యాపు నుంచే తయారైంది.

ఆ మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత తీస్తుంటే అక్క ఫోన్ చేసింది.

"ఏమే, బతికే ఉన్నావా? నేను కొత్త పనిలో చేరి మూడ్రోజులైంది, ఒక్క ఫోన్ లేదు. మహారాణివి మరి!"

"పనిలో పడి మర్చిపోయానక్కా. ఎక్కడ ఆ కుట్టుపని?"

"ఐసు ఫ్యాక్టరీ వెనక గోదాములోనే. రెండొందల మిషన్లు పెట్టారు. ఉండు, ఇదేంటే ఈ ఘాటు? కళ్లు మండిపోతున్నాయి."

మూత లెక్కలమ్మ చేతిలోంచి జారిపోయింది.

"అక్కా, అందర్నీ లేపు! ఫ్యాక్టరీ వైపు గేటు వద్దు. గాలి ఎటు వీస్తోంది?"

"బయట ఆరేసిన గుడ్డలు మా వైపే కొట్టుకుంటున్నాయే."

"అయితే గాలి వెంట పోవద్దు, ఎదురూ వెళ్లొద్దు. అడ్డంగా, పక్కకి పరుగెత్తండి. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోండి!"

ఫోన్లో బల్లలు పడుతున్న చప్పుడు, దగ్గులు, ఎవరిదో ఏడుపు. ఆమె టేబుల్ మీది ఫోన్ ఎత్తి అగ్నిమాపక కేంద్రానికి చేసింది. అవతలి మనిషి నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడు.

"పది నిమిషాల క్రితమే అన్ని ఇళ్లకూ చేసేశాం మేడమ్. గోదామా? మీ జాబితాలో అక్కడ ఎవరూ లేరు కదా."

ఆమెకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పది నిమిషాలు! అంతసేపూ రెండొందల మంది తలలు వంచుకుని కుట్టుకుంటూనే ఉన్నారు.

చాలాసేపటికి అక్క గొంతు మళ్లీ వినిపించింది.

"బయటపడ్డామే. ఇద్దరు పడిపోయారు, ఊపిరి ఆడుతోంది. చుట్టూ ఇళ్లన్నిటికీ ఫోనొచ్చిందట, మాకే రాలేదు. మమ్మల్ని మనుషుల్లో లెక్కేయని ఆ మహానుభావుడెవడే? దొరికితే నాలుగు వాయిస్తా."

ఎదురుగా కంప్యూటర్లో ఆ సున్నా ఇంకా అలాగే ఉంది. లెక్కలమ్మకు దాన్ని చూస్తే భయమేసింది.

"నేనే అక్కా," అంది.

అవతల అక్క దగ్గుతూనే ఉంది.