మీటల పక్కన తెలుపు

పొగమంచుకి ఉప్పు రుచి ఉంటుంది. సెయింట్ మేరీస్ బే అనే అఖాతంలో పడవ నడిపేవాళ్ల పెదాలకు అది తెలుసు.

నిరుడు అలాంటి మంచులోనే ఒదీల్ పడవ మునగబోయింది.

దీపం మీట అనుకుని తమ్ముడు లియాండర్ పడవ అడుగున చేరే నీళ్లు తోడే పంపు ఆపేశాడు. ఇంజను దాకా నీళ్లు... బకెట్లతో తోడుకుంటూ ఒడ్డు చేరారు.

ఆనాటి నుంచి అతను చుక్కాని గదిలో అడుగు పెట్టలేదు.

ఇద్దరే ఉన్న పడవ. ఒకరు చుక్కాని ముట్టకపోతే వేట సాగదు.

అతను పొరబడింది మీటల పక్కన పేర్లు లేక కాదు. నల్లటి అల్యూమినియం రేకు మీద చెక్కే ఉన్నాయి. వెండి గీతలు — ఒక పక్కనుంచి చూస్తే మెరుస్తాయి. ఇంకో పక్కనుంచి చూస్తే మాయం.

తెలుపు కావాలి. ఎటు నుంచి చూసినా తెలుపే.

ఒదీల్ రేకు ఊడదీసింది. వంటింటి బల్ల మీద, చెక్కిన గాడుల్లో తెల్ల ఎనామిల్ రంగు నింపింది. ఆరింది. గోరు తగిలితే చాలు — పొరలా లేచొచ్చింది.

"మార్కరుతో రాసేస్తే పోయేదిగా అక్కా," అన్నాడు లియాండర్, గుమ్మంలోంచి.

"రాస్తే ఒక్క అలకి చెరిగిపోతుంది. అప్పుడు మళ్లీ తడుముకుంటావా?"

అతను గుమ్మం దిగి వెళ్లిపోయాడు. అన్నందుకు ఆమెకే చివుక్కుమంది.

మళ్లీ నింపింది. ఈసారి గాడుల బయట అంటిన రంగుని తొందరపడి తుడిచింది. గుడ్డ గాడిలోకి దిగి తెలుపంతా ఎత్తుకొచ్చింది.

మళ్లీ.

గాడుల అడుగున పాత నూనె, ఏళ్ల ఉప్పు — అప్పుడు తట్టింది. అసిటోన్‌తో, పాత పళ్ల బ్రష్షుతో తోమింది. పట్టు కోసం పల్చగా ప్రైమరు. దాని మీద తెలుపు. ఆగింది... ఆగడమే కష్టం. చెక్కముక్కకి గుడ్డ బిగించి, కాస్త తడిపి, రేకు మీద అడ్డంగా ఈడ్చింది.

నలుపు మీద తెలుపు నిలిచింది.

గోరుతో గీకింది. రాలేదు. రేకుని మళ్లీ చుక్కాని గదిలో బిగించింది.

లాబ్‌స్టర్లను పట్టే బోనులు నీళ్లలోకి దింపే రోజు వచ్చింది. అఖాతం నడిమధ్యలో ఒదీల్ ఇంజను నెమ్మది చేసి, కావాలనే డెక్కు మీదికి వచ్చేసింది.

"అడుగున నీళ్లున్నాయి. పంపు వెయ్యి."

"నువ్వెళ్లి వెయ్యక్కా."

"నా చేతుల్లో తాళ్లున్నాయి."

లియాండర్ ఆమె వంక చూశాడు. తలుపు దగ్గర ఆగాడు.

లోపలికి వెళ్లాడు.

ఒదీల్ తిరిగి చూడలేదు. తాడు బిగించి పట్టుకుంది.

పడవ పక్కనుంచి నీళ్లు బయటికి దూకాయి — ఆగకుండా, ధారగా.

అతను మాత్రం ఇంకా బయటికి రాలేదు; చుక్కాని దగ్గరే ఉండిపోయాడు.