తోడు మనిషి

సాయంత్రం సన్మానం పెట్టుకుని ముసలావిడ మధ్యాహ్నం పక్క తడుపుకుంది. కోడలు దుప్పటి లాగేసి, గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, అత్తగారిని ఒత్తిగిలించి ఒళ్ళు తుడవసాగింది. ఆ ఎడమ మోకాలుందే, అది పుట్టుకతో వంకర కాదు. ఆడవాళ్ళకి ఓటు కావాలని వీధుల్లో అరుస్తూ నడిచిన రోజుల్లో పోలీసువాడు విరగ్గొట్టిన మోకాలు. సన్మానం ఆ మోకాలికే. ఇన్నేళ్ళూ దానికి కాపడం పెట్టిన చేతులకి మాత్రం ఇంటికొచ్చే ముప్పై మందికీ టీ కాచే పని.

"వాడేడీ?" అంది ముసలావిడ. పక్షవాతం వచ్చాక ఆవిడ మాట ముద్దముద్దగా వస్తుంది. కోడలికి తప్ప ఎవరికీ అర్థం కాదు.

"కుర్చీలు తేవడానికెళ్ళారు అత్తయ్యా. మీకు పూలగుత్తి ఇచ్చేది ప్రెసిడెంటు గారేనట. వచ్చేవారం ఓట్లు కదా, ఆ ప్రచారమూ ఇక్కడే కానిచ్చేస్తారు."

"నా శవం పక్కన కూడా లాంతరు గుర్తు పట్టుకుని నిలబడతాడు, వెధవ," అంది కన్నకొడుకుని. ఆ లాంతరు ప్రెసిడెంటు గారి గుర్తు, కొడుకు ఆయనకి కుడిభుజం.

కోడలికి నవ్వొచ్చింది గానీ, లాంతరు మాట వినగానే తన ఓటు సంగతి గుర్తొచ్చింది. చూపు ఆననివాళ్ళ వెంట ఒక తోడు మనిషి ఓటేసే తెర లోపలికి వెళ్ళొచ్చని రూలుంది. ఏ పుణ్యాత్ముడు పెట్టాడో మంచికే పెట్టాడు. పెళ్ళయిన కొత్తలో, ఆమె కళ్ళు నిక్షేపంలా ఉన్నప్పుడే, మొగుడు మోచెయ్యి పట్టుకుని "మా ఆవిడకి చూపు ఆనదండీ" అని లోపలికి నడిచి ముద్ర తనే గుద్దాడు. అంతమందిలో కాదని చెప్పడానికి ఆమెకి సిగ్గేసింది. మళ్ళీసారీ అంతే, ఆ పైసారీ అంతే. పోనుపోను నిజంగానే దగ్గర చూపు మందగించింది. దర్జీ కొట్టులో కాజాలు కుట్టేది. "వంకరపోతున్నాయమ్మా, ఇంక రాకు" అనేశాడు దర్జీ. కళ్ళజోడు కొనమని అడిగితే మొగుడు అన్నం తింటూనే నవ్వాడు. "గరిటె తిప్పడానికి కళ్ళజోడెందుకే?" కూరలో వెంట్రుక వచ్చిన రోజు మాత్రం పళ్ళెం గోడకి తగిలింది. "కళ్ళు పోయాయా?" అన్నాడు, ఆ నోటితోనే. గోడ తుడిచిందీ ఆమే.

"జైలు నేల మీద పడుకున్నామే," అంది ముసలావిడ ఉన్నట్టుండి. "అన్నం మానేశాం. పోలీసువాడికి భయపడలేదు. తీరా ఓటొచ్చాక, మొట్టమొదటిసారే మీ మామగారు నా చెయ్యి పట్టుకుని ముద్ర వేయించారు. ఊరుకున్నాను. ఆయన్ని చూసి వీడు నేర్చుకున్నాడు. పోయినసారి నీకు చూపు ఆనదన్నప్పుడు మీ వెనకే ఉన్నాను. అప్పుడూ ఊరుకున్నాను."

కోడలు గుడ్డ పిండి పక్కన పెట్టింది. ముసలావిడ బాగున్న చేత్తో తన కళ్ళజోడు తీసింది. దాని ఒక కాడకి దారం చుట్టి ఉంటుంది.

"పెట్టుకో."

పెట్టుకుంది. దుప్పటి నేత పోగు పోగూ కనిపించింది. బట్టల సోడాకి పగిలిన తన వేళ్ళు కనిపించాయి. తలెత్తింది.

"అమ్మో! మీ గడ్డం మీద వెంట్రుకలున్నాయి అత్తయ్యా!"

"ఇన్నాళ్ళూ చెప్పవేమే?"

"కనపడితేగా!"

ఇద్దరూ మంచం ఊగేలా నవ్వారు. ఆ ఇంట్లో అలా నవ్వి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం ముందు గది కిక్కిరిసింది. ఫోటో తీసే ముందు మొగుడు కేకేశాడు. "అమ్మ కళ్ళజోడేదీ?"

"కనపడలేదండీ," అంది కోడలు టీ పళ్ళెం పట్టుకుని. అది వంటింట్లో చక్కెర డబ్బా వెనక ఉంది.

"పోయింది," అంది ముసలావిడ. ఆ ఒక్క మాటా అందరికీ అర్థమైంది.

"మా ఆవిడకి ఎదురుగా ఉన్నదే కనపడదు, పోయినదేం కనపడుతుంది!" అన్నాడు మొగుడు. గదంతా నవ్వింది. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, ఈ తల్లులు పోరాడబట్టే ఇవాళ ప్రతి ఇల్లాలూ తన ఓటు తానే వేసుకుంటోందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కోడలి చేతులు ఖాళీగా లేవు.

పూలగుత్తి వాడిపోకముందే ముసలావిడ పోయింది. ఆవిడ అన్నట్టే కొడుకు చొక్కాకి లాంతరు బిళ్ళ పెట్టుకునే శవం పక్కన నిలబడ్డాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కన్నీళ్ళు తుడుచుకుంటూ లాంతరు కాగితాలు పంచాడు.

ఓట్ల రోజు వచ్చింది. వరసలో ఎప్పటిలాగే కోడలి మోచేతి మీద అతని చెయ్యి. బల్ల వెనక కూర్చున్న అమ్మాయితో, "మా ఆవిడకి చూపు ఆనదండీ, తోడు నేనే," అన్నాడు.

కోడలు సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. దారం చుట్టిన కాడ చెవి వెనక గరుగ్గా తగిలింది. అతను గుర్తుపట్టాడు. వేళ్ళు మోచేతిలోకి దిగాయి.

"ఆనుతోందమ్మా," అంది ఆ అమ్మాయితో. "తోడు వద్దు."

"అయితే మీరు ఇక్కడే ఆగండి సార్," అంది ఆ అమ్మాయి.

తెర వెనక ఆమె ఒక్కతే నిలబడింది. కాగితం మీద గుర్తులన్నీ ఒక్కొక్కటే చూసింది. తొందరపడలేదు. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో తెలుసు. ఈసారి గోడకి తగిలేది పళ్ళెం కాకపోవచ్చు. మధ్యలో ఆపడానికి అత్తగారు కూడా లేదు. అయినా తన చేత్తో తనే ముద్ర వేసింది.

బయటికి రాగానే అతను పక్కకి లాగాడు. చుట్టూ జనం ఉన్నారని ముఖాన నవ్వు పులుముకుని, పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

"ఎవరికేశావే?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆమెని అడగాల్సిన అవసరం అతనికి రావడం అదే మొదటిసారి.