ఏసీ నీళ్ళ ఉద్యమం

సౌదీ సర్కారు మాలాంటి పరదేశీల పెళ్ళాం పిల్లల మీద తలకింతని లెవీ వేసిన రెండో ఏడు, ఖతీఫ్ ఊళ్ళో మా బిల్డింగులో నేనొక ఉద్యమం లేవదీశాను. పొరపాటున.

ట్యాంకర్ నీళ్ళు పొదుపు చేద్దామని ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. ఎదురింటి సరళ చూసేసింది.

"ఏందక్కా, ఏసీ నీళ్ళు పడుతున్నవ్? గంత కష్టమొచ్చిందా?"

కష్టమే వచ్చింది. ఒప్పుకుంటే సాయంత్రానికి పక్కనున్న దమ్మాం దాకా తెలుస్తుంది.

"పర్యావరణం కోసం సరళా. చదువుకున్న మనమే చెయ్యకపోతే ఎలా?" అన్నాను.

సరళ కూడా డిగ్రీ చదివింది. మర్నాటికి ఆమె బాల్కనీలో బకెట్ వెలిసింది. వారం తిరిగేసరికి పన్నెండు ఫ్లాట్లలోనూ బకెట్లే. ఎవరిది ముందు నిండితే వాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాలి. ఒకరోజు సరళ మూడు బకెట్ల ఫోటో పెట్టింది.

"మూడెలా నిండాయి?" అని అడిగాను.

"కిటికీలు తెరిచి ఏసీ పద్దెనిమిదిల పెట్టిన అక్కా. సముద్రం గాలి గదా, మస్తు కారుతది. భూమికి మంచిదే గదా!"

మర్నాడు అందరి కిటికీలూ తెరుచుకున్నాయి.

నెలాఖరున వాచ్‌మన్ బాషా, కడప మనిషి, నన్ను మెట్ల మీద ఆపాడు. "అమ్మా, కరెంటు బిల్లు చూసి ఓనరు తల పట్టుకున్యాడు. వచ్చే నెలా ఇట్లే వస్తే అందరికీ అద్దె పెంచుతాడంట."

మా కరెంటు అద్దెలోనే కలిసి ఉంటుంది. అద్దె గనక పెరిగితే నాకూ పిల్లకీ ఎగ్జిట్ వీసా కొట్టించి ఇండియాలో మా ఊరికి పంపడమేనని మా ఆయన ముందే చెప్పి ఉన్నారు.

ఏసీలు ఆపమని నేను చెబితే కుళ్ళు అంటారు. వాళ్ళు వినేది ఒక్కరి మాటే. కంపెనీ విల్లాలో ఉండే శ్రీలతగారు ఏ రంగు చీర కడితే, వారంలో మా బిల్డింగంతా ఆ రంగే.

"సరళా, శ్రీలతగారు సాయంత్రాలు ఏసీ కట్టేసి కూర్చుంటున్నారట. చెమట పడితే మొహం నిగారిస్తుందట."

"గందుకేనా ఆమె ముఖం గట్ల మెరుస్తది!"

మూడో రోజుకి సాయంత్రం బిల్డింగంతా నిశ్శబ్దం. అందరం చెమటలో నానుతున్నాం. మా ఆయన బనీను పిండుకుంటూ నా వంక చూసేవారు.

తర్వాతి నెల బాషా నవ్వుతూ ఎదురొచ్చాడు. "బిల్లు తగ్గిందమ్మా. ఓనరు అద్దె ఊసే ఎత్తలేదు."

నేను ఊపిరి పీల్చుకునే లోపే శ్రీలతగారి ఫోను.

"ఏమండీ, నేను ఏసీ వేసుకోనని ఎవరు పుట్టించారో తెలుసా? నిన్న మీవాళ్ళు ఎనిమిదిమంది వచ్చి ఒకటే పొగడటం. ఇంక రిమోట్ ముట్టుకుంటే ఒట్టు! ఉడికిపోయాననుకోండి."

"అయ్యో, ఎవరో కనుక్కుంటానండీ. అయినా నిన్న మావాళ్ళు గ్రూపులో పెట్టిన ఫోటోలో మీ మొహం మాత్రం..."



"మీకూ అనిపించిందా?" అన్నారు, గొంతు తగ్గించి. "ఇవాళ కూడా కట్టేసే ఉంచాను లెండి."