జయంత్ మూడో అధ్యాయం

"కాస్త లాంగ్వేజ్ చూసిపెట్టు మనూ, అంతే," అనేవాడు మా ఆయన జయంత్. మా ఇంట్లో లాంగ్వేజ్ చూడటమంటే పొయ్యి మీద కూర చూడటం లాంటిది. ఎవరు ఎక్కించినా మాడకుండా దించాల్సింది నేనే. తన థీసిస్‌లో ఒక్కో వాక్యం అరపేజీ. ఎవరేం చేశారో, ఎందుకు చేశారో చివరిదాకా తెలియదు. నేను వాటిని విరగ్గొట్టి, ముందు చెప్పాల్సింది ముందుకు తెచ్చి, పీజీ పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు తిరగరాసేదాన్ని. "నీకేం, ఇంట్లో ఖాళీయేగా," అనేది అత్తయ్య, నా చేత మోకాళ్లకు కాపడం పెట్టించుకుంటూ.

నేనూ జయంత్ డిపార్ట్‌మెంట్‌లోనే పీహెచ్‌డీ స్కాలర్‌నని ఆవిడకు గుర్తే ఉండదు. నాలుగేళ్ల క్రితం పామర్రు దగ్గర కాలవ చివరి పొలాల్లో తిరిగి, నాట్లు వేసే ఆడవాళ్లు నూట పన్నెండు మందితో మాట్లాడాను. నీళ్లు ఆలస్యమైతే నారు ముదురుతుంది. ముదురు నారు పీకి నాటడానికి రెట్టింపు పొద్దు పడుతుంది. ఆ రెండో పొద్దుకు కూలి లేదు. నా థీసిస్ అంతా ఈ నాలుగు ముక్కలే.

జయంత్ మూడో అధ్యాయం ఎంత విడదీసినా తేటపడలేదు. కాలవ నీళ్ల సంగతి ఉంది గానీ నష్టం ఎవరిదో లేదు. ఉండబట్టలేక నావి ఆరు పేజీలు అందులో పెట్టాను. కింద నా పేరు రాయమంటే, "మొగుడూ పెళ్లాల మధ్య ఫుట్‌నోట్లేంటే!" అని నవ్వాడు. నేనూ నవ్వాను, నా బుద్ధి గడ్డి తిని.

పోయిన వారం నా డ్రాఫ్ట్‌ని కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఆ ఆరు పేజీలూ ఎర్రగా వచ్చాయి. ముందే ఇచ్చేసిన జయంత్ థీసిస్ నుంచి ఎత్తుకొచ్చానట. ఈ నెలాఖరుకి ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషనే పోతుంది. "టాపిక్ కాస్త మార్చుకోరాదూ," అన్నాడు, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపి. ఏడుపొచ్చింది. ఎవరితో చెప్పుకోను? మా అమ్మయితే, "అతనికి డాక్టరేట్ వస్తే నీకొచ్చినట్టు కాదుటే," అంటుంది.

ఇవాళ తన వైవా. వచ్చినవాళ్లందరికీ భోజనం స్కాలర్ ఇంటివాళ్లు పెట్టడం ఆనవాయితీ. గుణదల నుంచి ఆటోలో పులిహోర, గారెలు, పెరుగన్నం మోసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. ఎగ్జామినర్ గారు సరిగ్గా ఆ ఆరు పేజీలే తీశారు. "ఇంత చిక్కు విషయాన్ని ఎంత తేటగా రాశారండీ! ఎలా తట్టింది?"

"ఫీల్డ్‌లో తిరిగితే అదే తెలుస్తుంది సార్," అన్నాడు జయంత్. పామర్రుని తను చూసింది బస్సు కిటికీలోంచే. అంతమందిలో అది అబద్ధమని తెలిసింది నాకొక్కదానికే. నా వైపు చూస్తాడేమోనని చూశాను. చూడలేదు.

"ఓపెన్ వైవా కదా, సభలో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు," అన్నారు ఛైర్మన్ గారు. మామూలుగా ఎవరూ అడగరు. అందరి కళ్లూ నా క్యారేజీల మీదే ఉన్నాయి. నేను లేచి నిలబడ్డాను.

"వడ్డించేస్తారా అమ్మా?" అన్నారాయన.

"లేదండీ, ప్రశ్న అడగాలి." క్యారేజీ పక్కకు జరిపాను. "నా పేరు మనోజ్ఞ. ఈ డిపార్ట్‌మెంట్ స్కాలర్‌నే. జయంత్ గారూ, ఆ ఆరు పేజీల కోసం మీరు మాట్లాడిన ఆడవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి."