పందిపిట్టకి ఇద్దరు సాక్షులు

కళ్లద్దాల షాపు వెనకగదిలో నెలకోసారి పక్షుల క్లబ్బు కూర్చుంటుంది. కళ్లు పరీక్ష చేసే గది అది. గోడకి అక్షరాల చార్టు, మూల అద్దాలు అరగదీసే మిషను, మిగిలిన చోట కుర్చీలు. అద్దె లేదు కాబట్టి క్లబ్బు అక్కడే స్థిరపడింది. ఏడాదంతా బైనాక్యులర్లని అటకమీద పడేసి, వానలు వెనకబట్టి వలస పిట్టలు దిగగానే కిందికి దించి, లోపలంతా మసగ్గా ఉందేమిటని షాపావిడ మీద విరుచుకుపడేది వీళ్లే. ఆమె నోరెత్తకుండా బూజు తుడిచి ఇస్తుంది. తుడుస్తున్నంతసేపూ లోపల మాత్రం నవ్వుకుంటుంది. ఆ నవ్వు ఆమెకి అలవాటైపోయింది.

క్లబ్బుకి మామూలుగా పనేమీ ఉండదు. ఆ బుధవారం ఒకటి ఉంది. ఊరి చివర చెరువులో రెల్లు పెరిగి తూముకి అడ్డం పడుతోందని నీటి శాఖ కోయించబోతోంది. సోమవారం మిషను వస్తుంది. రెల్లులో వలస పిట్టలు ఇంకా ఉన్నాయని క్లబ్బు చెబితే మూడు వారాలు ఆపిస్తానని ఇంజనీరు ఫోన్లో అన్నాడు. స్వయంగా వచ్చి వింటానన్నాడు.

ఆ మూడు వారాలు ఆమెకి కావాలి. షాపు కట్టేసి ఇంటికి వెళ్లే దారిలో ఆమె రోజూ చెరువు గట్టు మీద ఆగుతుంది. పొద్దు వాలే వేళకి వానకోయిలలు వస్తాయి. చీలిక తోకతో కరెంటు తీగల మీద వరసగా కూర్చుంటుందే, ఆ పిట్ట. ఎక్కడెక్కడినుంచో వేలకి వేలు వచ్చి, నీళ్లమీద మబ్బులా గిరగిరా తిరిగి, ఒక్కసారిగా రెల్లులోకి దిగిపోతాయి. దక్షిణానికి పోయే దారిలో వాటికి రాత్రి పడక అదే. మూడు వారాలు గడిస్తే అన్నీ వెళ్లిపోతాయి. తర్వాత రెల్లు కోసుకున్నా, తగలబెట్టుకున్నా అడిగేవాళ్లుండరు.

క్లబ్బుకి ఇది పట్టలేదు. వానకోయిల అందరికీ కనిపించే పిట్ట. అందరికీ కనిపించేదాన్ని చూస్తే పేరు రాదు.

పేరు కావలసినవాళ్లలో ముందు వరస ఇద్దరిది. ఒకరు ఆమె సొంత బాబాయి, రిటైరైన లెక్కల మాస్టారు. రెండోవారు ప్లీడరు. ఎప్పుడో ఒక గద్దని చూసి ఇద్దరూ చెరో పేరు చెప్పారు. ఆ గద్ద ఎగిరిపోయి ఏళ్లయింది. తగాదా మాత్రం అక్కడే వాలి ఉంది. ఇప్పటికీ ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు సీలింగు చూస్తారు.

ఈసారి ఇద్దరూ ఒకే పిట్ట వెంటపడ్డారు. రెల్లు మొదళ్లలో దాక్కుని తిరిగేది. కంటికి దొరకదు. కాలు తొక్కితే పందిపిల్ల ఎలా అరుస్తుందో అలా అరుస్తుంది. పుస్తకంలో పెద్ద పేరుంది కానీ క్లబ్బులో అందరూ పందిపిట్ట అంటారు. కనిపించని పిట్ట కాబట్టి దానికొక నియమం పెట్టుకున్నారు: విన్నా చాలు, కానీ వేరువేరు చోట్ల నిలబడ్డ ఇద్దరు ఒకే వేళకి వినాలి. ఇంకో నియమం కూడా ఉంది. ఫోన్లో కూత వినిపించి పిట్టని పిలవకూడదు. అది అక్షరాల చార్టు పక్కనే అతికించి ఉంటుంది. పై వరస అక్షరాలు చదవలేనివాళ్లున్నారు, ఇక దీన్నెవరు చదువుతారు?

ఆదివారం తెల్లవారాక ఆమె చెరువు గట్టుకి వెళ్లింది. మంచు ఇంకా విడలేదు. రెల్లుకి ఎడమ కొసనుంచి కీచుమని అరుపు. ఆమె ఉన్నచోటే ఆగింది. వెంటనే కుడి కొసనుంచి జవాబు. మళ్లీ ఎడమనుంచి. మూడో కీచు అవగానే ఎవరో దగ్గారు. మళ్లీ కుడినుంచి కీచులు. మూడో కీచు అవగానే అదే దగ్గు, అదే గొంతు, చివర్లో అదే చిన్న బొంగురు.

ఆమె నాలుగడుగులు పక్కకి జరిగి చూసింది. కుడి కొసన ప్లీడరు మడమల మీద కూర్చుని, ఫోనుని దీపంలా పైకెత్తి పట్టుకున్నాడు. కూత ఆగగానే ఫోను దించి, రికార్డింగు మీట నొక్కి, ఎదటివైపు చెవి పెట్టాడు. ఎడమ కొసన రెల్లు పైన బాబాయి టోపీ. ఇద్దరూ ఒకే చోటనుంచి ఒకే కూత ఫోన్లలోకి దించుకున్నారు. అది రికార్డు చేసిన మహానుభావుడెవరో, ఆ రోజు ఆయనకి జలుబు చేసి ఉంటుంది. దుక్కల్లాంటి ఇద్దరు మగవాళ్లు ఆ జలుబుని అటూ ఇటూ విసురుకుంటూ, ఒకరి ఫోనుకి ఒకరు పులకించిపోతున్నారు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గట్టు దిగింది. బాబాయికి ఆ పూటే చెప్పేయవచ్చు. చెప్పలేదు. బుధవారం దాకా దాచుకోవాలనిపించింది.

బుధవారం ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చాడు. తలుపు పక్క కుర్చీలో కూర్చుని హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. క్లబ్బు అధ్యక్షుడైన పళ్ల డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"ముందుగా ఈ వారం ఎవరేం చూశారో..."

"వానకోయిలలు," అందామె. "రెల్లు నిండా. సాయంత్రం వస్తే చూపిస్తాను."

"మంచిదమ్మా. అవి ఎప్పుడూ ఉండేవేగా. ఇంజనీరుగారి టైము వృథా చెయ్యొద్దు. మాస్టారూ, మీరు చెప్పండి."

బాబాయి లేచి నిలబడ్డాడు. "పందిపిట్ట. ఆదివారం పొద్దున. నా చెవులతో విన్నాను."

ఒక్కడి మాట చాలదని అందరికీ తెలుసు. అప్పుడు ప్లీడరు సీలింగు మీంచి చూపు దించాడు.

"నేనూ విన్నాను. కుడి కొసన ఉన్నాను. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం."

ఆ గదిలో అలాంటి మాట ఏనాడూ వినబడలేదు. పళ్ల డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూశారా సార్! వీళ్లిద్దరూ ఒక మాట మీదికి వచ్చారంటే ఇంక తిరుగు లేదు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నా ఒప్పుకోరు వీళ్లు."

"ఒకటి కాదండీ, రెండున్నాయి," అన్నాడు ప్లీడరు. "ఒకటి పిలిస్తే ఒకటి పలికింది."

"జంట," అన్నాడు బాబాయి.

"జంటే," అన్నాడు ప్లీడరు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. చప్పట్లు మోగాయి.

ఇంజనీరు తల గీరుకున్నాడు. "పందిపిట్టో కోతిపిట్టో నాకు తెలీదు. మీ అందరి మాటా ఒకటే కదా? చాలు. మిషను మూడు వారాలు ఆపిస్తాను." హెల్మెట్ తీసుకుని లేచాడు.

పని అయిపోయింది. ఆమె కోరిన మూడు వారాలు చేతికొచ్చాయి. ఆమె చెయ్యాల్సిందల్లా తలుపు తీసి ఇంజనీరుని సాగనంపడం. కానీ ఎదురుగా బాబాయీ ప్లీడరూ భుజాల మీద చేతులు వేసుకుని, పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. వానకోయిలల మాట తీసిపారేసిన డాక్టరు వాళ్లకి కాఫీ అందిస్తున్నాడు. మూడు రోజులుగా దాచుకున్నది ఆమె గొంతుదాకా వచ్చేసింది.

"బాబాయ్, రికార్డు చేసే ఉంటావుగా? వినిపించవూ? ఇంజనీరుగారు కూడా వింటారు."

"దానికేం భాగ్యం!"

ఫోను పలికింది. కీచు, కీచు, కీచు. దగ్గు.

"ప్లీడరుగారూ, మీదో?"

కీచు, కీచు, కీచు. దగ్గు. చివర్లో బొంగురు.

ఇంజనీరు తలుపు దగ్గరే ఆగిపోయాడు. "ఆ దగ్గిందెవరు?"

"ఎవరో దారిన పోయేవాడు," అన్నాడు ప్లీడరు.

"ఇద్దరి పక్కనా ఒక్కడే పోయాడా? ఒకేలా దగ్గుకుంటూ?"

జవాబు ఆమె ఇచ్చింది. ఎడమ కొసా, కుడి కొసా, దీపంలా ఎత్తిన ఫోనూ, టోపీ, ఏదీ వదలకుండా చెప్పింది. మధ్యలో ప్లీడరు కూర్చున్న తీరు చేసి చూపించింది కూడా. ఇంజనీరు కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. వెనక కుర్చీలవాళ్లు నవ్వారు. పళ్ల డాక్టరు నవ్వాలో వద్దో తేల్చుకోలేక పళ్లు బయటపెట్టి ఊరుకున్నాడు.

"చార్టు పక్కన రాసింది నువ్వే చదివి వినిపించేవాడివి కదయ్యా అందరికీ!" అన్నాడు ప్లీడరు మాస్టారితో.

"నువ్వు చదివావా, నల్లకోటు వేసుకుని?" అన్నాడు మాస్టారు. తగాదా మళ్లీ తన చోట వాలింది.

ఇంజనీరు నవ్వు తుడుచుకుని హెల్మెట్ తలకి పెట్టుకున్నాడు. "అయితే సోమవారం మిషను వస్తుంది."

ఆమె నవ్వు అక్కడ ఆగింది. "సార్, వానకోయిలలు నిజంగా ఉన్నాయి. వేలల్లో. ఇవాళే రండి, చూపిస్తాను."

"అవి ఎవరి ఫోన్లోంచి వస్తాయి మేడమ్?"

గది మళ్లీ గొల్లుమంది. ఈసారి ప్లీడరు కూడా నవ్వాడు. ఆమె గురువారం ఆఫీసుకి వెళ్లింది, శుక్రవారం మళ్లీ వెళ్లింది. ఇంజనీరు రెండుసార్లూ మర్యాదగానే కూర్చోబెట్టాడు. "పై ఆఫీసరుకి ఏమని చెప్పమంటారు? ముందొచ్చిన సాక్షులు నకిలీ, ఈవిడ అసలు అని చెప్పమంటారా? వాళ్ల గుట్టు మీరే విప్పారు కదా," అన్నాడు.

సోమవారం ఆమె షాపు కట్టేసి గట్టెక్కేసరికి మిషను వెళ్లిపోయింది. రెల్లు ఉన్న చోట మోళ్లు, బురద, టైర్ల జాడలు. గట్టు మీద బాబాయి ఒక్కడే ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"ఆదివారమే చూశావుగా," అన్నాడు. "అప్పుడే నాతో అనకపోయావా తల్లీ? నేనూ ప్లీడరూ నోరు మూసుకునేవాళ్లం. నీ వానకోయిలల మాటే నలుగురం చెప్పేవాళ్లం."

"చెప్పేవాళ్లు కాదు బాబాయ్."

"కాదేమో. అయినా ఇంజనీరు లేచి వెళ్లిపోతున్నాడుగా. వెళ్లనివ్వకపోయావా?"

అబద్ధం సహించలేకపోయానని ఆమె అనవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ బాబాయి ముఖం చూస్తూ అనలేకపోయింది. ఇన్నాళ్లూ ఆయన బైనాక్యులర్లు తుడిచి ఇస్తూ ఆమె లోపల్లోపల నవ్వుకోవడం ఆయనకి తెలియనిది కాదు.

వానకోయిలలు వచ్చాయి. ఎప్పటిలాగే మబ్బు కట్టి తిరిగాయి, దిగాయి, బురదకి మూరెడు పైనుంచి మళ్లీ లేచాయి. మళ్లీ దిగాయి, మళ్లీ లేచాయి. చీకటి పడుతుండగా ఆ మబ్బు ముక్కలై తలో దిక్కుకీ పోయింది. బాబాయి మెడలోంచి బైనాక్యులర్లు తీసి ఆమెకిచ్చాడు. ఎటు పోయాయో చూద్దామని ఆమె కళ్లకి పెట్టుకుంది. చీకట్లో ఏమీ కనిపించలేదు.