అతిథి జట్టు గది

నురగ పట్టించిన చెంప మీద కత్తిని మెల్లగా పైకి లాగుతూ జుల్మీరా ఊపిరి బిగబట్టింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అబీలియు ఎడమ చెంప జారిపోయి ఖాళీ సంచిలా వేలాడుతోంది. రెండు వేళ్లతో సాగదీసి పట్టుకుంటే గాని గడ్డం గీయడం కుదరదు. కిటికీలోంచి సెతూబల్ రేవు వాసన వస్తోంది. చేపలూ డీజిలూ తడి తాళ్లూ కలిసిన వాసన.

"ఆట," అన్నాడు అబీలియు. మాటలు ఒక్కొక్కటిగానే వస్తాయి ఆయనకి, అవి కూడా కుడివైపు పెదవి నుంచి.

"అవును, ఇవాళే."

"వాడు."

"వాడే. నిన్ననే వచ్చి దిగారట, సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద హోటల్లో."

అబీలియు కుడిచేయి లేచి ఆమె మణికట్టును పట్టుకుంది. కత్తి గాల్లో ఆగిపోయింది.

"వద్దు," అన్నాడు.

"ఏం వద్దు? నేనేం చేస్తాననీ? నేల తుడిచేదాన్ని, తుడిచి వస్తా." చేయి విడిపించుకుని మిగతా గడ్డం గీసింది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఒకరి అబద్ధాలు ఒకరికి కొత్త కావు.

పాలకాఫీలో రొట్టె నానబెట్టి తినిపించింది. రేడియో మంచం దగ్గరికి జరిపింది. మధ్యాహ్నం నుంచి పక్కింటి ఎవులాలియా వచ్చి కూర్చుంటానంది. వీధిలోకి అడుగు పెడుతూ జుల్మీరా ఒకసారి వెనక్కి చూసింది. అబీలియు కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు, మొండితనం.

జుల్మీరా పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. నడిచేటప్పుడు ఎడమవైపుకు కాస్త ఒరుగుతుంది. బ్లీచింగు నీళ్లలో నాని నాని అరచేతులు బీటలు వారాయి, వేలి కణుపులు వాచి ఉంగరం తీయడానికి రాదు. ఫుట్‌బాల్ స్టేడియంలో నేల తుడిచే పనికి ఆమె రోజూ వచ్చిపోతున్నా ఆమె ముఖం గుర్తున్నవాళ్లు తక్కువ. వచ్చే జట్ల ఆటగాళ్లు ఆమె కర్రనీ బకెట్‌నీ దాటుకుంటూ పోతారు, కుర్చీని దాటినట్టు.

పదకొండేళ్ల కిందట అబీలియు అదే స్టేడియంలో బూట్ల గది మనిషి. జట్టు బూట్లన్నీ ఆయన చేతుల మీదుగానే మైదానంలోకి వెళ్లేవి. ఆ ఏడాది క్లబ్బు ఎన్నడూ లేనిది యూరప్ కప్పులో సెమీఫైనల్ దాకా పోయింది. ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టుండేది. కోచ్ గాస్పార్ తెలీష్‌ని భుజాల మీద మోశారు. అంతటి వాడికి ఒక రహస్యం ఉండేది. పెద్ద ఆట వచ్చిందంటే భయంతో కడుపు తిరిగేది. జట్టు బయటికి వెళ్లాక మరుగుదొడ్డిలో దూరి కక్కుకునేవాడు. తలుపు బయట తువ్వాలు పట్టుకుని అబీలియు కాపలా. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఒక్క పెళ్లానికి తప్ప. ఆమెకైనా చెవిలో చెప్పాడు, ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా.

సెమీఫైనల్ రెండో ఆటలో క్లబ్బు చిత్తుగా ఓడింది. ఆ సాయంత్రం విలేకరుల ముందు తెలీష్ ఒక మాట అన్నాడు. "మా ఎత్తులన్నీ అవతలివాళ్లకి ముందే తెలుసు. మా బూట్ల గదిలో ఒక ఎలుక ఉంది." అంతే. రెండు నెలల్లో అతను ఒక క్లబ్బుకి కోచ్‌గా జర్మనీ వెళ్లిపోయాడు. ఎలుక మాత్రం ఊళ్లోనే మిగిలింది.

ఎవరూ అబీలియుని కొట్టలేదు. గుమ్మం ముందు ఎలుకకి వేసినట్టు జున్ను ముక్కలు పడేసి పోయేవాళ్లు. చేపల బజారులో ఆయన వెనక పిల్లలు కీచుమని అరిచేవాళ్లు. క్లబ్బువాళ్లు మర్యాదగానే మానేయమన్నారు. ఆయన రేవులో ఐసు దిమ్మలు మోసే పనికి వెళ్లాడు.

"వాడు మరుగుదొడ్డిలో కక్కుకుంటాడని చెప్పు! ఊరు నవ్వుతుంది!" అని ఆనాడు జుల్మీరా గొంతు చించుకుంది.

"అది వేరు, ఇది వేరు," అన్నాడు అబీలియు.

ఆమె మాత్రం క్లబ్బులో పని మానలేదు. సిగ్గు లేదా అని సొంత చెల్లెలే అడిగింది. ఏదో ఒక ఏడాది పోటీ జతల చీటీలు తీస్తే ఆ మనిషి అతిథి జట్టు గదికి రాకపోడు, వచ్చిన రోజున తాళాలు తన దగ్గరే ఉండాలి అని జుల్మీరా అనుకుంది. పదకొండేళ్లు ఆ గది నేలను ఆ ఒక్క ఆశతో తుడిచింది. ఫిబ్రవరిలో క్వార్టర్‌ఫైనల్ జతలు తీస్తుంటే బట్టలుతికే గదిలో టీవీ మోగుతోంది. జర్మనీ క్లబ్బు పేరు వినగానే ఇస్త్రీ చేసే ఆడవాళ్లు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు.

"జుల్మీరక్కా, స్నానానికి చన్నీళ్లు పెడతావా వాడికి?" అంది ఒకామె.

"చన్నీళ్లతో పోయే కోపం కాదు," అని జుల్మీరా మడతలు పెట్టుకుంటూనే ఉంది.

జర్మనీలో జరిగిన మొదటి ఆటలో క్లబ్బు ఒక్క గోలు తేడాతో ఓడింది. ఇవాళ రెండోది, ఇక్కడ.

ఆటగాళ్లు మైదానంలోకి వెళ్లే సొరంగం గేటు దగ్గర కాపలాదారు కుస్తోదియు కూర్చున్నాడు. భారీ మనిషి, తెల్లమీసం, నడుముకు తాళాల గుత్తి. అబీలియూ అతనూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే గట్టు మీద కూర్చుని గాలాలు వేశారు. ఎలుక మాట పుట్టాక మొట్టమొదట ముఖం తిప్పుకున్నవాడూ అతనే. ఇన్నేళ్లూ ఆమె గేటు దాటుతుంటే తాళాల వైపు చూసేవాడు. ఇవాళ గొంతు సవరించుకున్నాడు.

"ఎలా ఉన్నాడు?"

"ఎవరు?"

"అదే... అబీలియు."

"పదకొండేళ్లకి గుర్తొచ్చాడా? ఇల్లేమీ కదల్లేదు కుస్తోదియు. పోయి నువ్వే చూడు."

అతను మీసం కొరుక్కున్నాడు.

అతిథి జట్టు గదిని ఆమె ఎప్పటిలాగే తుడిచింది. కొక్కేలు, బల్లలు, స్నానాల గది గచ్చు. ఆ చివర మరుగుదొడ్డి. పాత కట్టడం, మందమైన చెక్క తలుపు, బయటి నుంచి వేసే తాళం. తాళం బుర్రలో నూనె చుక్కలు వేసి రెండుసార్లు తిప్పి చూసింది.

సాయంత్రం బస్సు వచ్చింది. తెలీష్ జుట్టు వెండిలా నెరిసింది. మోకాళ్ల దాకా బూడిదరంగు కోటు, సన్నటి మెడ. "శుభ సాయంత్రం," అన్నాడు ఆమె పక్కనుంచి పోతూ, ఆమె చేతిలోని కర్రతో అన్నట్టు. ఆట ముందు సహాయ కోచ్ అతని వెంటే తిరగడంతో వీలు చిక్కలేదు.

సగం ఆట అయ్యేసరికి ఎవరూ గోలు కొట్టలేదు. విరామంలో గదిలోంచి జర్మన్ కేకలు వినిపించాయి. తర్వాత బూట్ల చప్పుడు సొరంగం వైపు వెళ్లిపోయింది. సహాయ కోచ్ కూడా వెళ్లాడు. స్నానాల గది దాటి ఒక్క జత అడుగులు మాత్రం లోపలికి, ఆ చివరికి నడిచాయి. తలుపు మూసుకుంది. ఆ వెంటనే ఆ చప్పుడు. అబీలియు చెవిలో చెప్పిన చప్పుడు.

జుల్మీరా బకెట్ కింద పెట్టి నడిచింది. తాళం నూనెలో ఊరి ఉంది, చప్పుడు లేకుండా తిరిగింది.

కాసేపటికి పిడి కదిలింది. తలుపు ఊగింది.

"ఎవరక్కడ? తలుపు బిగుసుకుంది."

"బిగుసుకోలేదు. నేనే తాళం వేశా."

"ఎవరు నువ్వు?"

"అబీలియు పెళ్లాన్ని."

ఏ అబీలియు అని అడుగుతాడేమోనని ఆమె ఇన్నేళ్లుగా భయపడింది. అతను అడగలేదు. వాడికి గుర్తుంది. గుర్తుంచుకునే జర్మనీలో సుఖంగా బతికాడు. ఆమె ఒళ్లంతా మండింది.

"తలుపు తియ్యమ్మా. ఆట మొదలైంది."

"వినిపిస్తూనే ఉంది."

"ఏం కావాలి నీకు?"

"ఎలుక ఎవరు?"

"నేనెవరి పేరూ చెప్పలేదు."

"బూట్ల గదిలో ఉండేది ఒక్కడు. ఇంక పేరెందుకు?"

అతను తలుపు బాదడం మొదలుపెట్టాడు. పైన వేలమంది పాడుతున్నారు. ఆ బాదుడు దాన్లో కలిసిపోయింది. సహాయ కోచ్ పరిగెత్తుకొచ్చి గదిలో చుట్టూ చూసి జర్మన్‌లో ఏదో అడిగాడు. స్నానాల గది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ జుల్మీరా తుడుపు కర్రతో వరండా అవతల ఉన్న డాక్టరు గది చూపించింది. అతను అటు పరిగెత్తాడు.

అప్పుడు పైకప్పు మీద పిడుగు పడ్డట్టు ఒక్క అరుపు. గోడల సున్నం రాలింది.

"ఎవరు? గోలు ఎవరు కొట్టారు?" తలుపు వెనక గొంతు చీలిపోయింది.

"మనవాళ్లు," అంది, వెంటనే నాలిక కరుచుకుంది. "మావాళ్లు. నీవాళ్లు కాదు."

మళ్లీ కక్కుకుంటున్న చప్పుడు. ఆమె చేయి దానంతటదే గోడ మీది తువ్వాలు వైపు వెళ్లింది. మధ్యలో ఆపుకుని ఆ చేతిని చంకలో దాచుకుంది.

అరుపులు సద్దుమణిగాక మళ్లీ మొదలైన బాదుడు విని కుస్తోదియు వచ్చాడు. నోరు తెరవబోతుంటే జుల్మీరా పెదవుల మీద వేలు పెట్టింది. ఆ వేలు చూసి అతను ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఎలుక ఎవరు చెప్పు, తీస్తా," అంది తలుపుతో.

"ఎలుకే లేదు." ఏడుపు కాదు, అలసట ఆ గొంతులో. "ఎవరూ ఏమీ చేరవెయ్యలేదు. వాళ్లు మాకంటే బాగా ఆడారు, అంతే. ఎదురుగా విలేకరులు కూర్చున్నారు. ఏదో ఒకటి అనాలి. ఆటగాళ్లని అంటే మర్నాటి నుంచి నా మాట వినరు. నన్ను నేను అనుకోలేను. నోటికొచ్చింది, అనేశా. రెండ్రోజుల్లో మర్చిపోతారనుకున్నా."

"మర్చిపోలేదు."

"మంచివాడు. తువ్వాలు పట్టుకుని నిలబడేవాడు."

జుల్మీరా బల్ల మీద కూలబడింది. ఇన్నేళ్లూ ఆమె మనసులో ఒక ద్రోహి ఉండేవాడు. ఒక్కోసారి గోల్‌కీపరు, ఒక్కోసారి డ్రైవరు, ఒక్కోసారి ఇదే కుస్తోదియు. రాత్రిళ్లు వాళ్లందర్నీ వరసగా నిలబెట్టి తిట్టుకునేది. ఎవరూ లేరు. ఎవరూ లేని చోట ఒక మనిషిని పాతిపెట్టారు.

కుస్తోదియు తాళాల గుత్తి నడుము నుంచి విప్పి బల్ల మీద ఆమె పక్కన పెట్టాడు. ఆట సగంలో, గేటు వదిలి వీధి వైపు వెళ్లిపోయాడు.

"ఇప్పుడు తియ్యి," అంది తలుపు వెనక గొంతు. "అడిగింది చెప్పాను."

"నాకు కావలసింది చెప్పావు. ఇది ఆయన వంతు. కూర్చో."

అతను బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. గొప్ప తీపిగా ఉంటుందనుకుంది. ఉంది కూడా, అబద్ధం ఎందుకు. గొంతులోంచి కడుపులోకి దిగుతున్న సారాయిలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగ్గేదాకా కూర్చుని, అప్పుడు లేచి తాళం తిప్పింది.

తెలీష్ బయటికి వచ్చాడు. ముఖం సున్నంలా ఉంది. పంపు దగ్గర నోరు పుక్కిలించి, చుట్టూ చూసి, చివరికి బూడిదరంగు కోటు చేతికే మూతి తుడుచుకున్నాడు.

"నువ్వు చేసింది తెలిస్తే..." అన్నాడు.

"చెప్పు. నేను తాళం వేశానని చెప్పు. ఎక్కడ వేసిందని అడుగుతారు. అందులో నువ్వేం చేస్తున్నావంటారు. అది కూడా చెప్పు."

అతను ఆమె ముఖంలోకి మొదటిసారి చూశాడు. కోటు సర్దుకుని సొరంగంలోకి నడిచాడు. ఆ రోజు గాని, ఆ తర్వాత గాని అతను ఎవరికీ చెప్పలేదు. విలేకరులకి కడుపునొప్పి అన్నాడు.

కోచ్ లేని ఆ కాసేపట్లో చెదిరిన జట్టు మళ్లీ కుదురుకోలేదు. చివర్లో ఇంకో గోలు పడింది. క్లబ్బు సెమీఫైనల్‌కి వెళ్లింది. జుల్మీరా మరుగుదొడ్డి కడిగి, బ్లీచింగు చల్లి, తువ్వాలు మడత విప్పకుండానే బీరువాలో పెట్టి బయటపడింది.

వాన పడుతోంది. వానలోనే జనం ఒకరినొకరు కావలించుకుంటున్నారు, కార్లు హారన్లు కొడుతున్నాయి. ఎవరో ముసలాయన ఆమె రెండు చెంపలూ ముద్దు పెట్టుకున్నాడు. ఆమె తనలో తను మాటలు పేర్చుకుంటూ నడిచింది. ముందు గోల్స్ సంగతి చెప్పాలా, ఎలుక సంగతి చెప్పాలా? వద్దన్నావు గాని చూశావా, అనాలి. 'ఎలుకే లేదంట,' అని పైకే అని నవ్వింది.

ఎవులాలియా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతులు ఏప్రాన్ అంచు దొరకనట్టు అటూ ఇటూ కదిలాయి.

"ఇప్పుడే జుల్మీరా. రెండో గోలు పడ్డప్పుడో, ఆ తర్వాతో. నేను వంటింట్లో సూపు వేడి చేస్తున్నా. రేడియో మోగుతూనే ఉంది, పిలిచినా పలకలేదు."

జుల్మీరా తడిసిన కోటుతోనే లోపలికి వెళ్లింది. అబీలియు తల కుడివైపు వాలి ఉంది. చేయి పట్టుకుంది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"కుస్తోదియు వచ్చాడు," అంది ఎవులాలియా వెనకనుంచి. "ఇన్నేళ్లకి! మోకాళ్ల మీద కూలబడి ఆయన చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు, చాలాసేపు. తర్వాత పసివాడిలా ఏడుస్తూ వెళ్లిపోయాడు. అప్పుడు నేను వచ్చి చూస్తే..."

"అతను చెబుతున్నప్పుడు ఈయన కళ్లు తెరిచి ఉన్నాడా?"

"నేను చూళ్లేదు."

"చెయ్యి కదిలించాడా? ఏమన్నా అన్నాడా?"

"నేను వంటింట్లో ఉన్నాను జుల్మీరా. తెలీదు. ఒట్టు, తెలీదు."

వీధిలో ఎవరో క్లబ్బు పాట ఎత్తుకున్నారు. ఎవులాలియా వెళ్లి కిటికీ మూసింది. జుల్మీరా మంచం అంచున కూర్చుని, ఆయన చెవి దగ్గరికి వంగి, తను పేర్చుకొచ్చిన మాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా మెల్లగా చెప్పింది.

మంచానికి అవతల, కుస్తోదియు మరిచిపోయి వెళ్లిన పెద్ద నల్లగొడుగు తెరిచినది తెరిచినట్టే నేల మీద ఉంది. విరిగిన ఊచ ఒకటి పక్కకి పొడుచుకొచ్చి, దాని కొస నుంచి వాననీరు ఇంకా బొట్లు బొట్లుగా గచ్చు మీదికి జారుతోంది.